జీఆర్‌ఈ ఇనీక్వాలిటీస్: ప్రశ్నలో చెప్పని దాన్ని పట్టుకోవడం ఎలా

ఎంపీసీ చదివి, ఎంసెట్ రాసి, బీటెక్ పూర్తి చేసినవాళ్లకు జీఆర్‌ఈ (విదేశీ యూనివర్సిటీల్లో పీజీ ప్రవేశానికి రాసే పరీక్ష) క్వాంట్, అంటే గణిత విభాగం, సిలబస్ చూడగానే ధైర్యం వస్తుంది. త్రికోణమితి లేదు, కలనగణితం లేదు, ఆల్జీబ్రా కూడా ఇంటర్ దాటి పోదు. అయినా ప్రాక్టీస్ టెస్టు రాసి చూసుకుంటే ఇనీక్వాలిటీస్ (అసమీకరణాలు) దగ్గర తప్పులు కనిపిస్తాయి. సూత్రం రాక కాదు. అసమీకరణాన్ని సమీకరణంలాగే నడిపించేయడం వల్ల.

దీనికి మన అలవాటే కారణమని నా గట్టి అభిప్రాయం. ఎంసెట్‌లో (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అక్కడ చెయ్యి ఎంత వేగంగా తిరిగితే అంత లాభం. జీఆర్‌ఈలో 2023 సెప్టెంబరు నుంచి క్వాంట్ రెండు సెక్షన్లుగా వస్తోంది: మొదటిది 21 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోది 26 నిమిషాల్లో 15. అంటే ప్రశ్నకు ఒకటీ ముప్పావు నిమిషం. ఆల్జీబ్రా పని చాలాసార్లు అర నిమిషంలో అయిపోతుంది. మిగిలిన సమయాన్ని ప్రశ్నలో ఏం చెప్పలేదో వెతకడానికి వాడాలి. అది ఎలాగో కింద ఒక్కొక్కటిగా చూద్దాం.

పెన్ను కదిపే ముందు

ముందుగా, ఎక్స్ గురించి ప్రశ్న ఏం చెప్పిందో రఫ్ షీటు మీద ఒక మూల రాసుకోండి. పూర్ణసంఖ్యా? ధనసంఖ్యా? సున్నా కాదన్నారా? ఏమీ చెప్పకపోతే "ఏమీ లేదు" అని రాయండి. ఇది చాదస్తంలా అనిపించవచ్చు, కానీ ఈ ఒక్క అలవాటు చాలా తప్పులను ఆపుతుంది. జీఆర్‌ఈలో వచ్చే సంఖ్యలన్నీ వాస్తవ సంఖ్యలేనని సూచనల్లోనే ఉంటుంది. కాబట్టి షరతు లేని ఎక్స్ సున్నా కావచ్చు, మైనస్ కావచ్చు, అర కావచ్చు, √2 కూడా కావచ్చు. మన బుర్రలోకి మాత్రం వెంటనే వచ్చేవి 2, 3, 5.

3 < ఎక్స్ < 5 అని కనిపించగానే ఎక్స్ = 4 అనేసుకుంటాం. పూర్ణసంఖ్య అని చెప్పినప్పుడే అది నిజం. చెప్పకపోతే 3.01 కూడా ఎక్స్ విలువే.

మాటల లెక్కల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. లిఫ్టు 400 కిలోలకు మించి మోయదు, లోపలి మనిషి 65 కిలోలు, ఒక్కో పెట్టె 18 కిలోలు, ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని పెట్టెలు పంపవచ్చు? 65 + 18ఎన్ ≤ 400 అని రాస్తే ఎన్ ≤ 18.6 చిల్లర వస్తుంది. పెట్టెను ముక్క చేయలేం కాబట్టి 18. ఇక్కడ 19కి రౌండ్ చేస్తే తప్పు. అదే ప్రశ్న "కనీసం ఎన్ని బస్సులు కావాలి" అన్న రూపంలో వస్తే పైకే రౌండ్ చేయాలి. దశాంశం తర్వాత 5 దాటిందా లేదా అన్నదానితో ఇక్కడ పని లేదు, సందర్భమే నిర్ణయిస్తుంది.

గుర్తు తిరగబడే చోటు

రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది. 2 < 5 నిజం, రెండు వైపులా −1తో గుణిస్తే −2, −5 వస్తాయి. సంఖ్యారేఖ మీద ఇప్పుడు −2 కుడివైపు ఉంది, కాబట్టి −2 > −5. అంతకు మించి మర్మం లేదు. ఇది అందరికీ తెలుసు, అయినా తొందరలో మరిచిపోతారు. మరిచిపోయే అవకాశమే లేకుండా చేసే పద్ధతి ఒకటి ఉంది: ఎక్స్ ఎటువైపు వెళ్తే ప్లస్ అవుతుందో అటువైపే పంపండి.

7 − 3ఎక్స్ ≤ 22

ఇక్కడ −3ఎక్స్‌ను కుడివైపుకు, 22ను ఎడమవైపుకు తెస్తే −15 ≤ 3ఎక్స్, అంటే −5 ≤ ఎక్స్. గుర్తు తిప్పాల్సిన పనే రాలేదు. నేనైతే ప్రతిసారీ ఇలాగే చేయమంటాను.

తెలియని దానితో భాగించకండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

సమీకరణంలో రెండు వైపులా ఎక్స్ ఉంటే కొట్టేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అసమీకరణంలో ఆ కొట్టివేత వెనుక ఒక ప్రశ్న దాగి ఉంటుంది: ఎక్స్ ప్లస్సా, మైనస్సా? తెలియకపోతే గుర్తు తిప్పాలో వద్దో మనకు తెలియదు. తెలియని పనిని తెలిసినట్టు చేసేస్తే, ప్రశ్న రాసినవాళ్లు మనకోసం సిద్ధంగా ఉంచిన తప్పు ఆప్షన్‌లోకి నేరుగా నడిచి వెళ్తాం.

6/ఎక్స్ > 2 తీసుకోండి. ఎక్స్‌తో గుణించి 6 > 2ఎక్స్, కాబట్టి ఎక్స్ < 3 అని రాస్తారు. ఎక్స్ = −1 పెట్టి చూడండి. −6 > 2 వస్తుంది, అబద్ధం. సరైన దారి రెండు కేసులుగా విడదీయడం. ఎక్స్ ప్లస్ అయితే 6 > 2ఎక్స్, అంటే ఎక్స్ 0కీ 3కీ మధ్య. ఎక్స్ మైనస్ అయితే గుర్తు తిరిగి 6 < 2ఎక్స్, అంటే ఎక్స్ > 3 కావాలి. మైనస్ సంఖ్య 3 కంటే పెద్దది కాలేదు కాబట్టి ఆ కేసు ఖాళీ. జవాబు 0 < ఎక్స్ < 3.

ఇప్పుడు ఇదే ఉచ్చు క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో ఎలా ఉంటుందో చూడండి. ఈ రకం ప్రశ్నలో రెండు రాశులిస్తారు. ఎ పెద్దదైతే ఆప్షన్ ఎ, బి పెద్దదైతే బి, రెండూ సమానమైతే సి, ఇచ్చిన సమాచారంతో తేల్చలేకపోతే డి. నాలుగు ఆప్షన్లూ ఎప్పుడూ మారవు.

ఇచ్చింది: ఎక్స్³ < ఎక్స్
క్వాంటిటీ ఎ: ఎక్స్²
క్వాంటిటీ బి: 1

తొందరగా చేస్తే ఎక్స్‌తో భాగించి ఎక్స్² < 1, బి పెద్దది, తర్వాతి ప్రశ్న. ఇరవై సెకన్లు కూడా పట్టదు, జవాబు తప్పు. మళ్లీ నెమ్మదిగా చేద్దాం. అన్నీ ఒకే వైపుకు తేవాలి: ఎక్స్³ − ఎక్స్ < 0. కారణాంకాలు: ఎక్స్(ఎక్స్ − 1)(ఎక్స్ + 1) < 0. సంఖ్యారేఖ మీద −1, 0, 1 గుర్తించండి. 1కి కుడివైపు మూడూ ప్లస్, లబ్ధం ప్లస్. అక్కడి నుంచి ఎడమకు ఒక్కో చుక్క దాటినప్పుడల్లా ఒక్కో కారణాంకం మైనస్‌గా మారుతుంది కాబట్టి ప్లస్, మైనస్, ప్లస్, మైనస్ అని వరసగా వస్తాయి. మనకు కావలసింది మైనస్: 0కీ 1కీ మధ్య, ఇంకా −1కి ఎడమవైపు. ఎక్స్ = 1/2 అయితే ఎక్స్² 1/4, బి పెద్దది. ఎక్స్ = −2 అయితే −8 < −2 నిజమే, ఎక్స్² మాత్రం 4, ఎ పెద్దది. జవాబు డి.

ఎక్స్ ధనసంఖ్య అని ప్రశ్నలో ఒక్క మాట ఉండి ఉంటే భాగించడం సబబే, జవాబు బి అయ్యేది. అందుకే షరతును మూల రాసుకోమన్నది.

వర్గాలు వచ్చినప్పుడు

ఇంటర్ సెకండియర్‌లో వర్గ సమాసాల పాఠం గుర్తుందా? ఎక్స్² ముందు గుణకం ప్లస్ అయి, రెండు వేర్వేరు వాస్తవ మూలాలుంటే, మూలాల మధ్య సమాసం మైనస్, బయట ప్లస్. జీఆర్‌ఈకి అది చాలు. కోచింగులో చెప్పే వేవీ కర్వ్ పద్ధతి (సంఖ్యారేఖ మీద ప్లస్, మైనస్‌లు వరసగా గుర్తించడం) కూడా ఇదే ఆలోచనకు పెద్ద రూపం.

ఎక్స్² ≤ 5ఎక్స్ + 14ను ఎన్ని పూర్ణసంఖ్యలు తృప్తిపరుస్తాయి? ఒకవైపుకు తెచ్చి (ఎక్స్ − 7)(ఎక్స్ + 2) ≤ 0 అని రాస్తే −2 నుంచి 7 వరకు, రెండు చివరలూ కలిపి. 7 − (−2) = 9 అని ఆగిపోకండి. రెండు చివరలూ లెక్కలో ఉన్నాయి కాబట్టి 10. గుర్తు ≤ కాకుండా < అయి ఉంటే 8. జవాబు నొక్కే ముందు గుర్తు కింద గీత ఉందో లేదో మరోసారి చూడడం రెండు సెకన్ల పని.

వేవీ కర్వ్ బాగా వచ్చినవాళ్లే తడబడే చోటు సరి ఘాతం. (ఎక్స్ − 2)²(ఎక్స్ + 3) > 0లో 2 దగ్గర సైన్ మారదు, ఎందుకంటే వర్గం ఎప్పుడూ మైనస్ కాదు. కానీ ఎక్స్ = 2 దగ్గర మొత్తం సున్నా అయిపోతుంది, సున్నా > 0 కాదు. కాబట్టి జవాబు: ఎక్స్ > −3, 2 తప్ప. ఆ "2 తప్ప" మీదే ఒక ప్రశ్న నిలబడవచ్చు.

ఇంకొకటి. ఎక్స్² > 9 అంటే ఎక్స్ > 3 మాత్రమే కాదు, ఎక్స్ < −3 కూడా.

మాడ్యులస్‌ను దూరంగా చదవండి

|ఎక్స్ − 4| < 3ను "4 నుంచి ఎక్స్‌కు దూరం 3 కంటే తక్కువ" అని చదివితే జవాబు కళ్ల ముందే ఉంటుంది: 1 < ఎక్స్ < 7. దూరం తక్కువంటే మధ్య ముక్క, దూరం ఎక్కువంటే రెండు బయటి ముక్కలు. |2ఎక్స్ + 1| ≥ 9 అయితే 2ఎక్స్ + 1 ≥ 9 లేదా 2ఎక్స్ + 1 ≤ −9, అంటే ఎక్స్ ≥ 4 లేదా ఎక్స్ ≤ −5.

వెనక్కి కూడా అడుగుతారు: −3 నుంచి 11 వరకు, చివరలతో కలిపి, ఉన్న ఎక్స్‌లను మాడ్యులస్‌తో ఎలా రాయాలి? మధ్య బిందువు 4, అక్కడి నుంచి చివరకు దూరం 7. కాబట్టి |ఎక్స్ − 4| ≤ 7. సంఖ్యారేఖ గీసుకుంటే ఇది పది సెకన్లలో తేలుతుంది. ఇంటి నుంచి పరీక్ష రాసేవాళ్లకు విడి కాగితాలు ఉండవు, తుడిచి రాసుకునే వైట్‌బోర్డు లాంటిదే ఉంటుంది. దాని పైభాగంలో ఒక సంఖ్యారేఖ గీసి ఉంచుకుంటే ప్రతిసారీ గీయక్కర్లేదు.

రెండు చలరాశులు, నాలుగు మూలలు

−3 ≤ ఎక్స్ ≤ 5, −4 ≤ వై ≤ 2 అయితే ఎక్స్ × వై గరిష్ఠ విలువ ఎంత? పెద్దదాన్ని పెద్దదానితో గుణించి 10 అనేవాళ్లు ఎక్కువ. రెండు మైనస్‌ల లబ్ధం ప్లస్ అన్న సంగతి ఆ తొందరలో గుర్తురాదు. నాలుగు మూలలూ రాయండి:

(−3)(−4) = 12
(−3)(2) = −6
(5)(−4) = −20
(5)(2) = 10

గరిష్ఠం 12, కనిష్ఠం −20. నాలుగు గుణకారాలకు ఐదు సెకన్లు. ఊహించడం కంటే రాయడమే త్వరగా అవుతుంది.

ఎక్స్ − వై అడిగితే పెద్ద విలువ కోసం పెద్ద ఎక్స్‌లోంచి చిన్న వై తీసేయాలి: 5 − (−4) = 9. చిన్న విలువ −3 − 2 = −5. ఒకే దిశలో ఉన్న రెండు అసమీకరణాలను కూడవచ్చు, ఒకదానిలోంచి మరొకటి నేరుగా తీసేయకూడదు. ఇక ఎక్స్² కనిష్ఠం ఎంత అంటే 9 అని రాయకండి. ఎక్స్ పరిధిలో సున్నా ఉంది కదా, కనిష్ఠం 0, గరిష్ఠం 25.

సంఖ్యలు పెట్టి చూడడానికీ ఒక పద్ధతి ఉంది

కంపారిజన్ ప్రశ్నల్లో సంఖ్యలు పెట్టి చూడమని అందరూ చెబుతారు. ఏ సంఖ్యలు, ఎప్పుడు ఆపాలి అన్నది అంతగా చెప్పరు. షరతు ఒప్పుకున్నంతవరకు ఈ వరస పాటించండి: 0, 1, −1, 1/2, −1/2, ఆ తర్వాత 2, −2. వర్గం చేస్తే పెరిగేవీ తగ్గేవీ, సైన్ మార్చేవీ మార్చనివీ అన్నీ ఈ ఏడింటిలో ఉన్నాయి. మొదటి సంఖ్యతో ఎ పెద్దదని తేలితే, రెండో సంఖ్యను దాన్ని పడగొట్టడానికే ఎంచుకోవాలి. 2 పెట్టి, తర్వాత 3, 4 పెట్టి, మూడింటికీ ఒకే జవాబు వచ్చిందని సంతోషపడితే ప్రయోజనం లేదు, మూడూ ఒకే జాతి.

సంఖ్యలతో డి అని నిరూపించవచ్చు, రెండు భిన్నమైన ఫలితాలు చాలు. ఎ అనో బి అనో నిరూపించాలంటే మాత్రం ఆల్జీబ్రా కావాలి. క్వాంటిటీ ఎ: ఎక్స్² + 9, క్వాంటిటీ బి: 6ఎక్స్ అనుకోండి. తేడా తీయండి: ఎక్స్² − 6ఎక్స్ + 9, అంటే (ఎక్స్ − 3)². ఇది మైనస్ కాదు, కానీ ఎక్స్ = 3 దగ్గర సున్నా. కాబట్టి షరతు లేకపోతే డి, "ఎక్స్ 3 కాదు" అని ఇస్తే ఎ. పైన చెప్పిన ఏడు సంఖ్యల్లో 3 లేదు, వాటితో ఎంతసేపు చూసినా ఇక్కడ ఎ అనే వచ్చేది. రెండు రాశులూ వేర్వేరుగా గజిబిజిగా కనిపిస్తే ముందు వాటి తేడా తీయడం మంచిది.

"సరైనవన్నీ ఎంచుకోండి" రకం ప్రశ్నల్లో సగం మార్కులు ఉండవు, సరిగ్గా అన్నీ పడితేనే మార్కు. పి < క్యూ < 0 అయితే ఏవి తప్పనిసరిగా నిజం? పి² > క్యూ², 1/పి < 1/క్యూ, పి + క్యూ < పి. పి = −4, క్యూ = −2 పెట్టండి. 16 > 4 బాగుంది. −1/4 < −1/2 అబద్ధం, రెండోది పోయింది. −6 < −4 బాగుంది. ఒక్క ఉదాహరణతో ఒకటి కొట్టేశాం, కానీ మిగతా రెండూ ఎప్పుడూ నిజమేనా అన్నది విడిగా ఆలోచించాలి. మైనస్‌ల వైపు సున్నాకు ఎంత దూరమైతే వర్గం అంత పెద్దది, కాబట్టి మొదటిది ఎప్పుడూ నిజం. మైనస్ కలిపితే ఏ సంఖ్యైనా తగ్గుతుంది, కాబట్టి మూడోదీ నిజం. ప్రశ్నలో "తప్పనిసరిగా" అన్నారా, "కావచ్చు" అన్నారా అన్నది కూడా చూసుకోండి. "కావచ్చు" అంటే ఒక్క ఉదాహరణ దొరికితే చాలు.

జీమ్యాట్ రాసేవాళ్లకు

ఇప్పటి జీమ్యాట్‌లో (బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు, అంటే ఇచ్చిన రెండు వాక్యాలు జవాబు తేల్చడానికి చాలునా అని అడిగేవి, క్వాంట్ నుంచి డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌కు వెళ్లాయి. ఇనీక్వాలిటీ ఆలోచన మాత్రం అదే. ఎక్స్ > వై అవునా కాదా అన్నది ప్రశ్న. మొదటి వాక్యం: ఎక్స్² > వై². రెండో వాక్యం: ఎక్స్ + వై > 0. మొదటిది ఒక్కటే చాలదు: 3, 2 పెడితే అవును, −3, 2 పెడితే కాదు. రెండోదీ ఒక్కటే చాలదు: 2, 1కి అవును, 1, 2కి కాదు. రెండూ కలిపితే (ఎక్స్ − వై)(ఎక్స్ + వై) > 0లో ఎక్స్ + వై ప్లస్ అని తెలిసిపోయింది, కాబట్టి ఎక్స్ − వై కూడా ప్లస్. రెండూ కలిస్తే చాలు. ఇక్కడ భాగించగలిగాం, ఎందుకంటే దేనితో భాగిస్తున్నామో దాని సైన్ రెండో వాక్యం చెప్పింది.

పరీక్ష గదిలో

జీఆర్‌ఈలో నెగెటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. రెండు నిమిషాలు దాటినా తేలకపోతే ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి ముందుకెళ్లండి. ఆ సెక్షన్ సమయం అయ్యేలోపు వెనక్కి రావచ్చు. రెండో సెక్షన్ ఎంత కష్టంగా ఉంటుందన్నది మొదటి సెక్షన్‌లో మీరు చేసినదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, మొదటి 12 ప్రశ్నల్లో తేలిక ప్రశ్నలను తొందరతో పోగొట్టుకోకూడదు. తెరమీద కాల్క్యులేటర్ ఉంటుంది, కానీ ఈ ప్రశ్నల్లో దాని అవసరం దాదాపు రాదు. అది తెరవాలనిపిస్తే వేరే దారి ఏదైనా మిస్సయ్యామేమో చూడండి.

జవాబు పరిధి వచ్చాక మూడు సంఖ్యలతో సరిచూడండి: పరిధి లోపలిది ఒకటి, బయటిది ఒకటి, సరిగ్గా అంచు మీదిది ఒకటి. 0 < ఎక్స్ < 3 అనుకుంటే 1, −1, 3.

సాధన కోసం, జీఆర్‌ఈ నిర్వహించే సంస్థ ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ టెస్టులతో మొదలుపెట్టండి. తప్పు పోయిన ప్రతి ఇనీక్వాలిటీ పక్కన ఏ సంఖ్యను మరిచిపోయారో రాయండి: సున్నానా, మైనస్సా, భిన్నమా, అంచా. కొన్ని వారాలకు మీరు పదేపదే మరిచిపోయేది ఏదో ఆ నోటుబుక్కే చూపిస్తుంది.

ఇప్పుడే చేసి చూడడానికి మూడు.

మొదటిది: ఎక్స్² < 3ఎక్స్ + 10ను తృప్తిపరిచే పూర్ణసంఖ్యలు ఎన్ని?

రెండోది: ఎక్స్ < వై, జడ్ సున్నా కాదు. క్వాంటిటీ ఎ: ఎక్స్ × జడ్². క్వాంటిటీ బి: వై × జడ్².

మూడోది: |3 − ఎక్స్| = ఎక్స్ − 3. క్వాంటిటీ ఎ: ఎక్స్. క్వాంటిటీ బి: 3.

జవాబులు. మొదటిది 6: (ఎక్స్ − 5)(ఎక్స్ + 2) < 0, అంచులు రావు, కాబట్టి −1 నుంచి 4 వరకు. రెండోది బి: జడ్ ప్లస్ అయినా మైనస్ అయినా దాని వర్గం ప్లస్సే, కాబట్టి భయం లేకుండా భాగించవచ్చు. జడ్ సున్నా కాదన్న షరతు లేకపోతే అది డి అయ్యేది. మూడోది డి: మాడ్యులస్ మైనస్ కాదు కాబట్టి ఎక్స్ ≥ 3 అని మాత్రమే తెలుస్తుంది. ఎక్స్ 4 అయితే ఎ పెద్దది, 3 అయితే రెండూ సమానం.